ఆడవాళ్ల వార్డులో పన్నెండో మంచం

మా ముత్తాత నర్సింగరావు గారు కోనరావుపేట వైపు ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత రంగారావు గారి కాలానికి ఆ ఏడూ మూడయ్యాయి గానీ ఆయన బయలుదేరితే దారిలో మనుషులు చెప్పులు విడిచి నిలబడేవారు. అది గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదని ఇప్పుడు తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మా నాయనమ్మ లక్ష్మీకాంతమ్మ గారిని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఊళ్లో లేరు. అందరికీ ఆమె దొరసానే. మా బాపు మాధవరావు గారికి దొర అనే పిలుపు మిగిలింది, దాని వెనక ఉండవలసినవేవీ మిగల్లేదు.

నేను నర్సునయ్యాను. ఆ మాట విని మా చిన్నాయన రెండేళ్లు మా గడప తొక్కలేదు. "దొర బిడ్డ మంది మంచాల కింద గిన్నెలు పెడ్తదా?" అని జగిత్యాలలో పెళ్లికి వచ్చిన చుట్టాలందరి ముందూ అడిగాడు. "పెడ్త చిన్నాయనా, నీకు అవసరం పడ్డనాడు నీకూ పెడ్త" అన్నాను. చివరి రోజుల్లో పెట్టాను కూడా. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడు చోట్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి హెడ్ నర్సుగా దిగిపోయాను. ప్రమోషన్ల గురించి రాయను. అవి అందరికీ వస్తాయి. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు ఒక్క సంగతి చెప్పాలని కూర్చున్నాను. అది ఏ ఆసుపత్రిలో జరిగిందో చెప్పను. తప్పు నాది, ఆసుపత్రిది కాదు.

మంచం ఎవరిస్తారు

డాక్టరు రోగం రాస్తాడు. మంచం మాత్రం నర్సు ఇస్తుంది. ఎవరి పక్కన ఎవరిని పడుకోబెట్టాలి, ఎవరిని కిటికీ దగ్గర వేయాలి, ఎవరిని కళ్లెదుట ఉంచుకోవాలి, ఇవన్నీ పుస్తకంలో ఉండవు. మా పనిలో సగం ఇదే. తేలు కుట్టిన మనిషి పక్కన నిద్ర పట్టక మూలిగే ముసలామెను వేస్తే ఇద్దరూ తెల్లారేసరికి నీరసపడతారు. ఇది నేను రెండు నెలల్లో నేర్చుకున్నాను.

కానీ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, కేసు షీటు మీద మొదటి గడి. ఆడా, మగా? ఎడమకు పోవాలా, కుడికి పోవాలా? ముప్పై ఏళ్లు ఆ గడి దగ్గర నా కలం ఆగలేదు.

ఆగిన రోజు వచ్చిన మనిషి రాజేశ్వరి. ముప్పై దాటని వయసు. స్కూటరు గుద్దితే కుడికాలు మోకాలి కింద విరిగి, ఎముక చర్మాన్ని చీల్చుకుని కనిపిస్తోంది. ఆకుపచ్చ చీర, జడ, చేతినిండా గాజులు. ఆధార్ కార్డులో రాజేశం, పురుషుడు. తల్లితో పాటు చిన్నప్పటి నుంచీ బీడీలు చేసి బతుకుతున్న మనిషి. మా వైపు బీడీలు చేయడం ఆడవాళ్ల పని. ఆడవాళ్ల మధ్య ఆ పని చేస్తూ పెరిగి, పెద్దయ్యాక ఆడమనిషిగానే బతకడం మొదలుపెట్టింది.

డ్యూటీ డాక్టరు కిరణ్ అప్పుడే కొత్తగా వచ్చాడు. తెలివైనవాడు, తొందర మనిషి. "కార్డుల మేల్ అని ఉన్నది మేడం. ఇంక సోంచాయించుడేంది?" అన్నాడు.

రాజేశ్వరి స్ట్రెచర్ మీద నుంచి నా కొంగు పట్టుకుంది. "మేడం, గా మగోళ్ల వార్డుల మా ఊరోళ్లు ఇద్దరున్నరు. ఇప్పుడే సూసిన. చిన్నప్పుడు నన్ను బావికాడ బట్టలిప్పి కొట్టినోళ్లు గాళ్లే. నన్ను ఆడ ఎయ్యకుండ్రి."

ఆడవాళ్ల వార్డులో వేయడానికి నాకు మనసొప్పలేదు. అక్కడ కడుపు కోసి కుట్లు వేసినవాళ్లున్నారు, జాకెట్టు లేకుండా పడుకున్నవాళ్లున్నారు. అందుకని రెండింటికీ మధ్య, వరండాలో మంచం వేయించాను.

వరండాలో మంచం

ఎందుకు అలా చేశానో చెప్పాలి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మాతో సమానులు లోపల కుర్చీల్లో కూర్చునేవారు. రైతులు మెట్ల కింద నిలబడేవారు. ఏ వరుసలో పెట్టాలో తెలియని మనిషి వస్తే, అంటే చదువుకున్న తక్కువ కులం బడిపంతులో, ఎవరి మనిషో తెలియని ఇన్‌స్పెక్టరో వస్తే, పడసాలలో ఒక బెంచీ వేయించి, తుడిపించి, ఇత్తడి గ్లాసులో మంచినీళ్లు ఇప్పించేవారు. లోపలికి రమ్మనలేదు, బయటికి పొమ్మనలేదు. మా తాత దాన్ని మర్యాద అనుకునేవాడు. ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఏమనుకునేవారో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

నేనూ అదే చేశాను. ఉన్నవాటిలో మంచి పరుపు ఏరి వేయించాను. ఉతికిన దుప్పటి పరిపించాను. పక్కన చిన్న బల్ల, నీళ్ల సీసా పెట్టించాను. న్యాయంగా చేశానని మనసులో అనుకున్నాను కూడా.

ఆ వరండా మీదుగానే రెండు వార్డులకూ టిఫిన్ డబ్బాలతో చుట్టాలు పోతారు. పోయే ప్రతివాడూ ఆగి చూశాడు. పిల్లలు మంచం కోళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఒకడు ఫోన్ తీసి వీడియో తీస్తుంటే నేనే కసిరి పంపాను. ఆమె ముఖం మీద కొంగు కప్పుకుని పడుకుంది. రాసుకోవలసిన వివరాలు అక్కడే నిలబడి అడిగాను. "షుగర్ ఉందా? బీపీ ఉందా? ఏమన్నా మందులు వాడుతున్నవా?" చుట్టూ పది మంది. "ఏం లెవ్వు" అంది కొంగు కింద నుంచి. లేవు అని రాశాను.

మరునాడు నేను డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి నాలుగు మడతలు పెట్టి దిండు మీద ఉంది. తల్లిని పిలిపించుకుని, ఆటోలో నాటు కట్టు వేసేవాడి దగ్గరికి పోయిందని వాచ్‌మన్ చెప్పాడు.

నాకు కోపం వచ్చింది. ఇంత మర్యాద చేస్తే చెప్పకుండా పోతుందా అని. ఆ మాట పైకే అన్నాను. అప్పుడు మా స్టాఫ్ నర్సు స్వప్న, ఆరేళ్లుగా నా దగ్గర పనిచేస్తున్న పిల్ల, సూదుల ట్రే సర్దుతూ తల ఎత్తకుండా అంది: "మర్యాద చేసిండ్రు మేడం. జాగ చెయ్యలేదు. నిన్న వచ్చిన కాడి సంది ఆమె చుక్క నీళ్లు తాగలే. తాగితే గంత మందిల గిన్నె పెట్టాలె గద?"

ముప్పై ఏళ్లు మంచాల కింద గిన్నెలు పెట్టిన మనిషిని. నాకు తట్టలేదు.

నర్సుల బల్ల దగ్గర

ఇరవై రోజులకు మళ్లీ తీసుకొచ్చారు. వెదురు బద్దల కట్టు కింద కాలు ఉబ్బి, వాసన వస్తోంది. మా సర్జన్ గారు కట్టు విప్పి చూసి చేతులు కడుక్కుంటూ అన్నాడు: "నాలుగు రోజులు సూస్త. తగ్గకుంటె మోకాలి కింద తీసుడే. ఈసారి ఉరికి పోకుండ సూసుకునుడు మీ పని మేడం." ఆయన తక్కువ మాట్లాడే మనిషి. నా కింద పనిచేసిన వాళ్లకు నేను భయం, నాకు ఆయన భయం.

తల్లి గోడవార కూర్చుని ఉంది. వేళ్లకు పొగాకు మరక. నేను దగ్గరికి పోతే లేవబోయింది. "కొడుకని రాసుకోండ్రి, బిడ్డని రాసుకోండ్రి సిస్టరమ్మా. నాకైతే అది ఒక్కటే కాన్పు. కాలు మాత్రం ఉంచుండ్రి. కాలు లేనోళ్లను ఎవలు సాదుతరు?"

ఇక మంచం ఎక్కడ? నర్సుల బల్ల దగ్గర కిరణ్, స్వప్న వాదులాడుకున్నారు. ఈ వాదం ఇప్పుడు టీవీల్లో పెద్దవాళ్లు గంటలు గంటలు చేస్తున్నారు. మా వార్డులో రెండు నిమిషాల్లో అయిపోయింది.

"పుట్టుకతోని వచ్చిన శరీరం పేరు మారిస్తే మారదు. నేను మందు శరీరానికి ఇస్త, పేరుకు ఇయ్య" అన్నాడు కిరణ్.

"మంచం మీద శరీరం ఒక్కటే పండుకుంటదా సార్? మనిషి పండుకుంటది. ఆమె ఆడామె. ఆడోళ్ల వార్డు. అయిపాయె."

"లోపలున్న ఆడోళ్లను అడిగినవా?"

"అడిగేదేముంది? చట్టమున్నది."

"మరి చట్టానికే డ్రెస్సింగ్ చెయ్యి పో."

స్వప్నకు నవ్వు వచ్చింది. కిరణ్‌కూ వచ్చింది. నాకు రాలేదు. లోపలున్న వాళ్లను అడగడం అనే మాట నా చెవిలో పడింది. నా జీవితంలో ఏ మంచం గురించీ రోగుల్ని అడగలేదు. మా ఇంటి రక్తంలో అడగడం లేదు. చెప్పడం ఉంది.

ముందు రాజేశ్వరి దగ్గరికి పోయాను. నీ గురించి లోపలివాళ్లకు చెప్పవచ్చా అని అడిగాను. "సూస్తె తెలుస్తనే ఉన్నది గద మేడం. చెప్పుండ్రి. గని పేరు రాజేశ్వరి అని చెప్పుండ్రి" అంది.

వార్డులో తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కొక్క మంచం దగ్గరా స్టూలు వేసుకుని కూర్చుని చెప్పాను. దాచలేదు. పుట్టుక మగపుట్టుక, బతుకు ఆడబతుకు, కాలు కుళ్లుతోంది, వరండాలో వేస్తే నిలవలేదు, మగవాళ్ల వార్డులో వేస్తే నిలవదు, మూల మంచం ఇద్దామనుకుంటున్నాను, నీకు ఎలా ఉంటుంది అని.

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన గంగవ్వకు తుంటి ఎముక విరిగింది. అంతా విని అడిగింది: "గురక పెడ్తదా?"

"తెలియదు."

"గది తెలుసుకోని చెప్పు బిడ్డా. ఇప్పటికే ఇద్దరు పెడ్తున్నరు. మూడోది అయితే నేనే వరండల పండుకుంట."

ఆమె మాటకు చుట్టుపక్కల మంచాలు నవ్వాయి. ఏడుగురు సరే అన్నారు. ఒకామె నీ ఇష్టం అంది. మమత ఒద్దంది.

మమతది కోరుట్ల దగ్గరి ఊరు. భర్త దుబాయిలో ఉన్నాడు. కడుపు ఆపరేషనై కుట్లు చీము పట్టి రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం. "ఆమె చెడ్డదంటలేను మేడం. నాకు పొద్దు మాపు బట్ట జరిపి కడుగుతరు. పక్కకు మగ పుట్టుక మనిషి ఉన్నదంటే నాకు కండ్లు మూతపడయి. గది నా తప్పైతే తప్పే." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయటికి వచ్చాక స్వప్న, "గీ కాలంల గూడ గిట్ల..." అని ఏదో అనబోయింది. ఆ రోజు స్వప్నను కసిరినంతగా ఎప్పుడూ కసరలేదు. ఒకామె సిగ్గును కాపాడటానికి ఇంకొకామె సిగ్గును ఎగతాళి చేయకూడదు. మమత అడిగింది చిన్న విషయం కాదు. ఆడవాళ్లకు వేరే వార్డు అని పెట్టిందే అందుకు.

కాబట్టి పన్నెండో మంచం మూలకు జరిపించి రాజేశ్వరికి ఇచ్చాను. మమతను నర్సుల బల్ల పక్కనున్న ఒకటో మంచానికి మార్చి, ఆమె డ్రెస్సింగ్ ఇక మీదట మంచం మీద కాకుండా డ్రెస్సింగ్ గదిలో, తలుపు వేసి చేయాలని రాసిపెట్టాను. నిజానికి అందరికీ అలాగే చేయవలసింది. ఎవరూ అడగలేదు గనుక ఇన్నేళ్లూ మేం చేయలేదు.

తెర వెనక

వార్డుకు ఉన్న ఒక్క తెరకు చక్రాలు లేవు, గుడ్డ చిరిగింది. కొత్తది కావాలని రాస్తే వచ్చేసరికి ఆమె కాలు ఉంటుందో లేదో. ఇంటి నుంచి మా నాయనమ్మ తెర తెప్పించాను. టేకు చట్రం, మూడు రెక్కలు, ఎర్ర నేతబట్ట. కౌలుదార్లతో మాట్లాడేటప్పుడు ఆమె దాని వెనక కూర్చునేది. బట్ట విప్పించి రెగ్జిన్ వేయించాను, రోజూ మందునీళ్లతో తుడవాలి కదా. పన్నెండో మంచం చుట్టూ నిలబెడితే సరిగ్గా సరిపోయింది.

మూత్రానికి గొట్టం వేయవలసి వచ్చింది. మా దగ్గర మగవాళ్లకు అది మగ ఆర్డర్లీ వేస్తాడు. "గాయన ఒద్దు మేడం" అంది. నేనే చేతులు కడుక్కుని, తెర మూసి వేశాను. ఏ శరీరానికి ఏ గొట్టమో తెలియకుండా ఆ పని కాదు. ఏ మనిషికి ఎవరి చేయి కావాలో తెలియకుండా కూడా కాదు.

దుప్పటి సర్దుతుంటే చూశాను. దెబ్బ తగిలింది కుడికాలికి. ఉబ్బింది ఎడమ కాలు కూడా. తొడ వరకూ బిగుసుకుని, ముట్టుకుంటే వేడిగా ఉంది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మొన్న నీకు ఏ మందులూ లేవన్నవు. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. ఏం మింగుతున్నవో చెప్పు."

తెర రెక్కల మధ్య సందు ఉందేమోనని చూసింది. "ఎవలికి చెప్పరు గద?"

"డాక్టరుకు చెప్త. ఇంకెవరికీ చెప్ప."

"కడుపు రాకుండ మింగే గోలీలు మేడం. మెడికల్ షాపుల ఇస్తరు. రోజుకు మూడు. గడ్డం తగ్గుతదని, ఒళ్లు మెత్తగైతదని. రెండేండ్ల సంది."

నేను లేచి గబగబా నడిచాను. వార్డులో పరుగెత్తకూడదని అందరికీ నేర్పింది నేనే గానీ, నిజం చెప్పాలంటే ఆ రోజు పరుగెత్తాను. ఆ గోలీలు అంతంత మింగి, కాలు కదలకుండా పడుకుంటే రక్తం నరంలో గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి ఊపిరితిత్తులకు పోతే బల్ల మీదే ప్రాణం పోతుంది. మరునాడు ఉదయం మొదటి ఆపరేషన్ ఆమెదే, పుండులో కుళ్లు తీసి శుభ్రం చేయడానికి.

కిరణ్ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. వెంటనే స్కాన్ చేయించాడు. ఎడమ తొడలో గడ్డ ఉంది. గోలీలు ఆపించి, రక్తం పలచబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ఆపరేషన్ వెనక్కి జరిపారు. కుడికాలి పుండును అక్కడే, ఆ తెర వెనకే, రోజుకు రెండుసార్లు శుభ్రం చేశాం. సర్జన్ గారు చెప్పిన నాలుగు రోజులు ఎనిమిదయ్యాయి. తొమ్మిదో రోజు ఆయన వాసన చూసి, "ఉంటది" అన్నాడు. తల్లికి వినపడలేదేమోనని గంగవ్వ తన మంచం మీద నుంచే అరిచి చెప్పింది: "ఉంటదట!"

మమత డిశ్చార్జి అయ్యేవరకూ పన్నెండో మంచం వైపు తిరగలేదు. రాజేశ్వరీ పలకరించలేదు. ఇద్దరి పుండ్లూ మానాయి. అంతకంటే నేను అడగలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

నేను కిరణ్ వైపా, స్వప్న వైపా అని మా మేనకోడలు ఫోన్ చేసి అడుగుతుంది. పుట్టుక శరీరం అబద్ధం కాదు. రక్తానికీ మందుకూ దానితోనే పని. అది అడగడం అవమానం అనుకుని ఊరుకుని ఉంటే ఆ పిల్ల చచ్చిపోయేది. కానీ పది మంది ముందు అడిగాను గనుకే మొదటిసారి అబద్ధం చెప్పింది, ఒద్దన్న చోట వేస్తే కాలు లాక్కుంటూ పోయేది. నిజం చెప్పడానికి ముందు మనిషికి ఒక చోటు కావాలి. బడుల్లో, ఆటల్లో, జైళ్లలో ఏం చేయాలో నాకు తెలియదు. నేను అక్కడ పనిచేయలేదు. తెలియని చోట గట్టిగా మాట్లాడే అలవాటు మా వంశంలో చాలామందికి ఉండేది. ఫలితం చూశాను.

మీ వార్డులో ఇలాంటి మనిషి వస్తే ముందు ఆమెను అడగండి. తర్వాత పక్క మంచం వాళ్లను అడగండి. ఒద్దన్నవాళ్లకూ చోటు చూడండి. చెప్పిన పేరుతోనే పిలవండి. శరీరం సంగతి తెర వేసి, గొంతు తగ్గించి, పూర్తిగా అడగండి. గడి చిన్నది గనుక కింద ఇంకో వాక్యం రాయండి. రాయడానికి చోటు ఉంటుంది.

పుండు మానాక ఎముక అతకడానికి కాలిలో వేసిన కడ్డీని తీయించుకోవడానికి రాజేశ్వరి ఏడాది తర్వాత వచ్చింది. కొంచెం ఒంగి నడుస్తోంది. వరండా మొదటి నుంచి చివరి వరకూ నా ముందు నడిచి చూపించి, "మంచిగున్నదా మేడం?" అంది. మంచిగున్నదన్నాను. పన్నెండో మంచం ఖాళీగానే ఉంది. అడగకుండానే అక్కడికి పోయి కూర్చుంది.

ఇప్పుడు జగిత్యాలలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను. నిద్ర బాగా పడుతుంది. కొండగట్టు గుడికి పోయే జనం పొద్దున్నే దారిలో మాట్లాడుకుంటూ పోతుంటే లేస్తాను. స్వప్న ఇప్పుడు హెడ్ నర్సు. వారానికోసారి ఫోన్ చేసి నన్ను విసిగిస్తుంది. నాకు ఏ లోటూ లేదు.

ఆ తెర పన్నెండో మంచం దగ్గర ఆ తర్వాత చాలామందికి పనికొచ్చింది. నేను దిగిపోయే ఏడాది వార్డు కొత్త భవనానికి మారింది. అక్కడ ప్రతి మంచానికీ పరదా ఉంది. పాత సామాను జాబితాలో పద్నాలుగు ఇనుప మంచాలు, ఆరు సెలైన్ స్టాండ్లు, ఒక చెక్క తెర రాశారు. కింద సంతకం నాదే. కోరుట్ల నుంచి వచ్చిన పాత సామాను వ్యాపారి మంచాలతో పాటు దాన్నీ వేలంలో కొనుక్కుని పోయాడు.